మావయ్య జట్టు

ట్రాయ్,
జనవరి 19, 2025

శశీ,

ఉత్తరమేమిటని కంగారుపడకు, అందరం కులాసాగానే ఉన్నాం. నా ఎడమ చెవి ఇక పని చెయ్యదని డాక్టర్ తేల్చేసింది. కుడి చెవికి మెషీన్ పెట్టారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది గానీ, ఫోన్లో నీ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంటుంది. పోయిన వారం నువ్వేదో చెబుతుంటే నేను సరే సరే అంటూ పోయాను. ఫోన్ పెట్టేశాక మీ బావ ‘ఏమన్నాడు?’ అని అడిగితే తెల్లమొహం వేశాను. మెసేజ్ పెట్టమంటే నువ్వు రెండు ముక్కలూ ఒక దండం బొమ్మా పెట్టి ఊరుకుంటావు. అందుకని కాగితం తీశాను. నువ్వూ కాగితం మీదే రాయి.

ఇక్కడ చలి చెప్పనలవి కాదు. నిన్న గ్యారేజ్ తలుపు కింద నీళ్ళు గడ్డకట్టి తలుపు లేవలేదు. మీ బావ నా హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని గొంతుక్కూర్చుని ఆ మంచు కరిగిస్తుంటే పక్కింటాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు.

అసలు సంగతి దియ గురించి. బ్లూబానెట్స్ బాస్కెట్‌బాల్ జట్టుతో దాని కాంట్రాక్ట్ అయిపోయింది, ఇప్పుడు ఫ్రీ ఏజెంట్. అంటే ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చునట. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. మిల్వాకీ జట్టు వాళ్ళు రమ్మంటున్నారని చెప్పింది. మూడేళ్ళకి రాసిస్తారట, మధ్యలో దెబ్బ తగిలి కూర్చున్నా జీతం ఆగదట. ‘మరి నీకేమనిపిస్తోందే?’ అంటే, ‘తెలీదు అమ్మా. ఐ లవ్ దిస్ టీమ్. మావయ్యతో మాట్లాడాలి’ అంది.

నువ్వు ఆ జట్టుకి ఓనర్‌వి. ఏది మంచిదో నీకు తెలుస్తుంది. మిల్వాకీ మాకు దగ్గరే అనుకో, అది వేరే సంగతి. నీ మాటంటే దానికి వేదం. అందుకే నీకు వదిలేస్తున్నాను.

మరదలు రేణుని అడిగానని చెప్పు.

నీ అక్క,
త్రివేణి


ప్లేనో,
జనవరి 30, 2025

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. తెలుగు రాయడం మొదలుపెడితే చెయ్యి లాగుతోంది. మొదటి కాగితం చింపేశాను. రేణు పక్కనే నిలబడి నా ఒత్తులు చూసి నవ్వుతోంది.

చెవి గురించి అంత తేలిగ్గా రాస్తావేమిటి? సెకండ్ ఒపీనియన్ తీసుకోండి. నేను చెప్పానని బావగారికి చెప్పు.

ఇక్కడ పోయిన శనివారం మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు పిలిచి జ్యోతి వెలిగించమన్నారు. ‘బ్లూబానెట్స్ ఓనర్ శశికాంత్ గారు’ అని మైకులో అన్నప్పుడు అందరూ లేచి నిలబడ్డారక్కా. ఇరవై ఏళ్ళు కోడ్ రాసినా, కంపెనీ పెట్టి అమ్మినా ఎవరూ లేవలేదు. ఆ తర్వాత ఆడపిల్లలు వరసకట్టి దియ ఆటోగ్రాఫ్ ఇప్పించమని అడిగారు. అందరూ దాని లాగే రెండు జడలు వేసుకుని వచ్చారు.

దియ సంగతి నువ్వు నా చేతిలో పెట్టావు. ఇక దిగులు పడకు. హాల్‌స్టెడ్‌తో మాట్లాడాను. ఆయనే మా జట్టుకి పెద్ద ఓనర్. ‘దియ ఈజ్ ఫ్యామిలీ, శశి’ అన్నాడు. ఈసారికి ఒక్క ఏడాదికే రాస్తారు, ట్రైనింగ్ క్యాంప్‌లో నిలిస్తేనే ఖాయం అని ఉంటుంది. అదంతా ఫార్మాలిటీ. కొత్త అరీనా కట్టే సంగతి తేలేదాకా ఎవరికీ పొడుగు కాంట్రాక్టులు ఇవ్వడం లేదు. వచ్చే ఏడాది మూడేళ్ళకి నేనే రాయిస్తాను.

అది ఇక్కడ ఉంటే ఓనర్ల మీటింగుల్లో నాకూ కాస్త బలం. అయినా అలాంటి పిల్లని ఎవరు వదులుకుంటారు? పోయిన సీజన్ ఆఖర్లో ఆ కాలితోనే మొత్తం సిరీస్ ఆడేసింది కదా!

ఉంటాను,
శశి


ట్రాయ్,
ఫిబ్రవరి 8, 2025

శశీ,

ఏ కాలు?

నీ ఉత్తరం చదివి దియకి వీడియో కాల్ చేశాను. వీడియోలో పెదవులు కనిపిస్తాయి కాబట్టి కొంత నయం. ‘కాలికేమైందే?’ అంటే మొదట నవ్వింది. ‘నథింగ్ అమ్మా, జస్ట్ ఆంకిల్’ అంది. గట్టిగా అడిగితే చెప్పింది. సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే చీలమండ మడతపడిందట. డాక్టర్‌కి చెబితే కూర్చోబెడతారని చెప్పలేదట. పట్టీ చుట్టుకుని, మాత్రలు మింగి ఆడిందట. ట్రైనర్‌కీ, నీకూ తప్ప ఎవరికీ తెలియదంది. నీకు తెలిసి మాకు చెప్పలేదేం శశీ? చెప్పి ఉంటుందిలే అనుకున్నావా?

పోనీలే. ఇప్పుడు నొప్పి లేదంటోంది. ఒక్కటి మాత్రం నీతో చెప్పమంది. ఆ కాలు సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. ఆటగాళ్ళ గురించి అలాంటి మాట ఒకసారి బయటికొస్తే ఇక పోదట.

అది సంతకం పెట్టేసింది, నీకు తెలిసే ఉంటుంది. మిల్వాకీ వాళ్ళు ఆఖరి రోజుదాకా అడిగారట. ‘ఏం చెయ్యమంటావు అమ్మా?’ అని నన్నే అడిగింది. ‘మావయ్యకి అక్కడ నీ అవసరం ఉందమ్మా, నోరు తెరిచి అడిగాడు, కాదనకు’ అన్నాను. ‘ఓకే’ అంది. నువ్వంతగా అడిగాక నేనెలా కాదంటాను?

మీ బావ అప్పటికే ఫోన్లో మిల్వాకీకి దారి చూసుకుంటున్నారు. సరస్సు చుట్టూ తిరిగి వెళితే ఒక్క పూట ప్రయాణం, ప్రతి హోమ్ గేమ్‌కీ వెళ్ళొచ్చు అంటూ. నేను సంగతి చెప్పగానే ఫోన్ జేబులో పెట్టుకుని మంచు తీయడానికి వెళ్ళిపోయారు.

జాగ్రత్తగా చూసుకో.

అక్క


ప్లేనో,
ఫిబ్రవరి 21, 2025

అక్కా,

కోప్పడకు. ఆ కాలు సంగతి నీకు తెలుసనే అనుకున్నాను.

ఇక్కడ వడగళ్ళు పడి మా పైకప్పులోని స్కైలైట్ అద్దం పగిలింది. హాల్లో బకెట్లు పెట్టుకుని తిరుగుతున్నాం. రూఫింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే వచ్చే నెల అంటున్నారు. సగం ప్లేనో లైన్లో ఉంది.

నువ్వు చెప్పొద్దన్న మాట నాకు కాస్త ఆలస్యంగా చేరింది. అయినా భయపడాల్సిందేం లేదు, మంచే జరిగింది, విను. ఫిబ్రవరి మొదట్లో ఓనర్లందరికీ మీటింగ్. లీగ్‌లోకెల్లా పెద్ద ప్లేయర్ ఒకామె ఫ్రీ ఏజెంట్ అయింది, ఆమెని తెస్తే టికెట్లు అన్నీ అమ్ముడుపోతాయని హాల్‌స్టెడ్ పట్టుదల. ఆమె తనతో పాటు తన స్నేహితురాలిని కూడా తీసుకోవాలని అడుగుతోంది. ఆ స్నేహితురాలిదీ దియ పొజిషనే. ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అని పేర్లు చదువుతున్నారు.

నేను ఆ మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడను అక్కా. ఆ రోజు మాట్లాడాను. ‘లాయల్టీ గురించి మాట్లాడదాం. ఈ అమ్మాయి చీలమండ దెబ్బతిన్నా డాక్టర్‌కి కూడా చెప్పకుండా మనకోసం సిరీస్ అంతా ఆడింది. ఇలాంటి వాళ్ళు డబ్బిస్తే దొరుకుతారా?’ అన్నాను. హాల్‌స్టెడ్ లేచి వచ్చి నా చెయ్యి నొక్కాడు. ‘థాంక్యూ ఫర్ టెల్లింగ్ అస్’ అన్నాడు. ఎవరో రాసుకున్నారు కూడా.

దియకి ఇది చెప్పకు, సిగ్గుపడుతుంది.

నీ తమ్ముడు,
శశి


ట్రాయ్,
మే 3, 2025

శశికాంత్‌కి,

నీకు తెలిసిన సంగతే రాస్తున్నాను. నీకు తెలియదంటావేమో, అందుకని రాస్తున్నాను.

క్యాంప్ మొదటిరోజే దియని ఒక్కదాన్నే స్కానింగ్‌కి పంపారు. మిగతా పిల్లలెవరినీ పంపలేదు. చీలమండలో లిగమెంట్ సగం తెగి, సరిగ్గా అతక్క వదులుగా ఉందట. ఆడొచ్చు, కానీ ఎప్పుడైనా పూర్తిగా పోవచ్చన్నారట. అయినా వారమంతా ఆడింది, బాగా ఆడిందని వాళ్ళ కోచే అందట. బుధవారం ప్రాక్టీస్ అయ్యాక ఆఫీసమ్మాయి పార్కింగ్ లాట్‌లోకి వచ్చి, కారు ఎక్కబోతున్న దాన్ని ఆపి, ‘వియ్ ఆర్ గోయింగ్ ఇన్ ఎ డిఫరెంట్ డైరెక్షన్’ అందట, అంటే జట్టులోంచి తీసేశామని. దాని లాకర్‌లో సామాను అప్పటికే ఒక పెట్టెలో సర్ది తెచ్చింది.

అది అక్కడే కారులో కూర్చుని నీకు ఫోన్ చేసింది. నువ్వు తీయలేదు. ఎందుకు తీయలేదో సాయంత్రం మీ బావ కంప్యూటర్‌లో చూపించారు. ఆ కొత్త ప్లేయర్‌కి జెర్సీ ఇస్తున్న ఫొటో. ఒక పక్క హాల్‌స్టెడ్, ఇంకో పక్క నువ్వు. నువ్వు నవ్వుతున్నావు.

మిల్వాకీ వాళ్ళకి దియ ఏజెంట్ ఫోన్ చేశాడు. వాళ్ళు ఫిబ్రవరిలోనే వేరే అమ్మాయిని తీసుకున్నారు. పైగా ఈ స్కాన్ చూశాక తీసుకోలేమన్నారట. ఇంకో రెండు జట్లూ అదే మాట.

నువ్వు అడిగావని నేను దాన్ని ఆపాను. నీ బలం కోసం. నేను ఆపకపోతే అది ఇవాళ మిల్వాకీలో ఉండేది. కాలు ఎలా ఉన్నా మూడేళ్ళు దాని చోటు దానికి ఉండేది.

నువ్వు ఆ గదిలో కూర్చుని వాళ్ళకి కాలు సంగతి చెప్పావు. దాన్ని పొగడడానికే చెప్పావని నాకు తెలుసు. అది తెలిసినందువల్ల నాకేమీ తేలిక కావడం లేదు.

త్రివేణి


ప్లేనో,
మే 12, 2025

అక్కా,

నీ ఉత్తరం కారులోనే చదివాను. ఇంట్లోకి వెళ్ళలేకపోయాను.

నాకు తెలియదు. రేణు మీద ఒట్టు. ఆ రోజు పొద్దున సూట్ వేసుకుని రమ్మన్నారు, వెళ్ళాను. ఫొటోలు అయిపోయి ఫోన్ చూసుకునేసరికి దియ మిస్డ్ కాల్, దాని కిందే న్యూస్. హాల్‌స్టెడ్ దగ్గరికి పరిగెత్తాను. ‘యు సెడ్ ఫ్యామిలీ’ అన్నాను. ‘షీ ఈజ్ ఫ్యామిలీ. అందుకే ఆ పిల్ల కాలు పాడుచేసుకోకుండా చూశాం’ అన్నాడు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. ‘నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు’ అని కూడా అన్నాడు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. ఆ జట్టులో నా వాటా ఎంత చిన్నదో నీకు తెలియదు. నా మాట చెల్లదక్కడ. నాకు ఒక బ్యాడ్జీ, బెంచీ వెనక ఒక సీటు ఇచ్చారు. నువ్వు ‘ఓనర్‌వి’ అని రాసినప్పుడు కాదని రాయడానికి చెయ్యి రాలేదు.

కానీ ఒకటి. దాన్ని ఉండమని నేను అడగలేదక్కా. నువ్వే ‘నీకు వదిలేస్తున్నాను’ అన్నావు. నా కళ్ళ ముందు ఉంచమని నువ్వు అంటున్నావనుకున్నాను. ‘బలం’ అని ఏదో మాటవరసకి రాశాను. మిల్వాకీ మంచిదా అని నన్ను సూటిగా అడిగి ఉంటే మొదటిరోజే వెళ్ళమనేవాణ్ణి. ఇది నిజం. ఇప్పుడు దీనికి విలువ లేదని తెలుసు.

ఊరికే కూర్చోలేక ఒక పని చేశాను. హాల్‌స్టెడ్‌ని బతిమాలాను. కమ్యూనిటీ అంబాసిడర్ అని ఒక ఉద్యోగం ఉంది. స్కూళ్ళకి వెళ్ళి పిల్లలతో మాట్లాడటం, మ్యాచ్ రోజుల్లో అరీనాలో జనాన్ని ఉత్సాహపరచడం. దియకి ఇస్తామన్నారు. నిన్ననే దియకి ఈమెయిల్ పంపించాను. నువ్వు కూడా ఒక మాట చెప్పు.

శశి


ట్రాయ్,
మే 13, 2025

శశీ,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

దియ ఇంటికొచ్చి పది రోజులు దాటింది. పొద్దున్నే లేస్తుంది, బూట్లు కట్టుకుంటుంది, సోఫాలో కూర్చుంటుంది. అంతే. మధ్యాహ్నం నేను వెళ్ళి చూస్తే బూట్లు అలాగే ఉంటాయి. అన్నం తినమంటే తింటుంది. ఏడవదు. ఏడిస్తే బాగుండును. నా చెవి సంగతి తెలిసి కూడా పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడుతోంది. ఏమంటున్నావే అంటే ‘నథింగ్’ అంటుంది.

మొన్న మీ బావ దాని పక్కన కూర్చుని, ‘పోనీ డిగ్రీ ఉందిగా, ఏదైనా కోర్సు చేద్దువు గాని’ అన్నారు. అది ఆయన భుజం మీద తలపెట్టుకుంది. ఆయన ఆ రోజు ఆఫీసుకి వెళ్ళలేదు.

నాకు మిల్వాకీయే ఇష్టంగా ఉండేది శశీ. నీకు రాసేటప్పుడు దాన్నొక మాటలా పారేసి ఊరుకున్నాను. నువ్వు బాధపడతావని. మీ బావకీ అదే ఇష్టం. దియకి ఏది ఇష్టమో మేమెవరం అడగలేదు.

నిన్ను ఒక్కటే కోరుతున్నాను. జాలిపడి దానికి అక్కడ ఏ ఉద్యోగమూ చూడకు. ఆ చోటుకి దాన్ని మళ్ళీ పిలవకు. ఏం ఇస్తామన్నా వద్దను. దాన్ని కొన్నాళ్ళు మా దగ్గర ఉండనీ.

అక్క


ట్రాయ్,
మే 22, 2025

శశీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నేను వద్దని రాసిన ఉత్తరం డబ్బాలో వేసేటప్పటికే నీ ఈమెయిల్ దానికి చేరింది.

నాకు చెప్పకుండానే ఒప్పుకుంది. సూట్‌కేసు సర్దుతుంటే చూసి అడిగాను. తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాను కూడా.

‘ఎందుకే? నిన్ను పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి పంపించారు. వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళతావా?’

‘అమ్మా, నాకు ఆ బిల్డింగ్‌లో ఉండాలి.’

‘ఆడనివ్వరు కదా తల్లీ.’

‘తెలుసు. బట్ అక్కడ పిల్లలు నా పేరు తెలుసు. వేరే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలీదు అమ్మా. ఐ డోంట్ నో వేర్ టు గో.’

‘మావయ్య బాధపడతాడని ఒప్పుకున్నావా?’ అన్నాను. అది నా మొహం కేసి చూసింది. ‘మావయ్య అడిగితే కాదనకు అన్నావు కదా నువ్వు’ అంది. కోపంగా కాదు. నిజంగానే, నేను చెప్పింది ఇంకా అమల్లో ఉందన్నట్టు అంది.

తలుపు దగ్గర్నుంచి జరిగాను.

మీ బావ ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేశారు. వచ్చేటప్పుడు దారిలో ఒక గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపి చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. పెట్రోలు కొట్టించలేదు.

త్రివేణి


ప్లేనో,
జూన్ 16, 2025

అక్కా,

నీకు మంచి మాట ఒకటి రాయాలని ఇన్నాళ్ళు ఆగాను. శనివారం దియకి అరీనాలో మొదటి మ్యాచ్, అదే, ఉద్యోగంలో మొదటిది. నేనూ రేణూ వెళ్ళాం. నువ్వు అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు.

బ్లూబానెట్స్ టీషర్ట్ వేసుకుని, మైకు పట్టుకుని కోర్టు మధ్యలోకి వచ్చేసరికి జనం దాని పాత జెర్సీ నంబర్ చెప్పి అరిచారు. మా వెనక వరసలో మనవాళ్ళ పిల్లలు నిలబడి గంతులేశారు. అది చెయ్యి ఊపింది. కాలు కుంటడం లేదు. ఆటకి విరామం వచ్చినప్పుడల్లా జనంలోకి టీషర్టులు విసిరింది. మా వైపు కూడా వచ్చింది. నన్ను చూసి నవ్వింది అక్కా. ఎప్పటిలాగే నవ్వింది. ఆ నవ్వు చూశాక నా గుండె మీది బండ దిగినట్టయింది.

మ్యాచ్ అయ్యాక హాల్‌స్టెడ్ నా భుజం తట్టి ‘చూశావా, మనం మనవాళ్ళని వదులుకోం’ అన్నాడు. నాకు చెయ్యి విదిలించుకోవాలనిపించింది. అవునన్నాను.

నా వాటా అమ్మేద్దామని రేణు అంటోంది. అమ్మితే దియకి అక్కడ ఎవరుంటారు? అందుకని ఆగాను. నెమ్మదిగా అన్నీ సర్దుకుంటాయి. ఆపరేషన్ సంగతి కూడా కనుక్కుంటున్నాను. నువ్వూ బావగారూ ఒకసారి రండి. నా సీటు పక్కనే మీకు సీట్లు ఇప్పిస్తాను.

నీ తమ్ముడు,
శశి


ట్రాయ్,
జూన్ 24, 2025

శశికాంత్‌కి,

ఆ మ్యాచ్ ఇక్కడ టీవీలో వచ్చింది. మేమూ చూశాం.

దియ టీషర్టులు పట్టుకుని మీ వైపు వచ్చినప్పుడు కెమెరా దాని వెంటే వచ్చింది. చుట్టూ అందరూ లేచి, మాకు మాకు అని చేతులెత్తి అరుస్తున్నారు. నువ్వూ లేచావు. నువ్వూ చెయ్యి ఎత్తావు. అలవాటుకొద్దీ ఎత్తావో, అందరూ ఎత్తారని ఎత్తావో నాకు తెలియదు. అది నీ ఎదురుగా వచ్చి ఆగిపోయింది. చేతిలో టీషర్ట్ అలాగే ఉంది. నీ కేసి చూస్తూ నిలబడింది. పక్కన టీషర్టులు విసురుతున్న ఇంకో అమ్మాయి మోచేత్తో పొడిస్తే అప్పుడు నవ్వింది. విసిరేటప్పుడు నవ్వాలని వాళ్ళు నేర్పిన నవ్వు అది. నీ తల మీదుగా వెనక్కి విసిరేసి వెళ్ళిపోయింది. నువ్వు ఇంకా కాసేపు చెయ్యి దించలేదు.

మీ బావ రిమోట్ చేతిలోకి తీసుకున్నారు గానీ టీవీ కట్టెయ్యలేదు. మళ్ళీ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. నేను చెవి మెషీన్ తీసి పక్కన పెట్టేశాను. ఆఖరి దాకా కూర్చున్నాం. మళ్ళీ చూపించలేదు.

మేం రాం. మాకు సీట్లు చూడకు.

మీరు గెలిచారు. అది కూడా చూశాం.

త్రివేణి